ఆగకూడని షో

పదిన్నరకు హారతి గంట మోగింది. పదీ ముప్పై రెండుకు లోకేశ్వరి కంప్యూటర్ చచ్చుబడింది.

ఇదేం కొత్త కాదు. మూడు నెలలుగా రోజూ ఇదే వరస. తొమ్మిదిన్నరకు షట్టర్ ఎత్తినప్పటి నుంచి గంటసేపు చెప్పినమాట విని పరుగెత్తే మిషను, రాజారత్నం సార్ దేవుడి పటాలకు కర్పూరం చూపించి కళ్లకద్దుకోగానే నడుం పట్టేసిన ఎద్దులా కూలబడుతుంది. ఆల్బం పేజీ ఒకటి తెరవమంటే తెర మీద నీలం గీత మొదలవుతుంది. అది ఎడమ అంచు నుంచి కుడి అంచుకు పాకేలోపు బస్సెక్కి చంద్రగిరికి సగం దూరం పోవచ్చు. లోకేశ్వరికి ఆ దూరం బాగా తెలుసు. రోజూ వచ్చేది అక్కడి నుంచే.

తిరుపతి భవానీనగర్‌లో రాజారత్నం కలర్ ల్యాబ్ అంటే ఆ 2008 శ్రావణంలో ఊపిరాడని చోటు. పీలేరు నుంచి పుత్తూరు దాకా ఏ ఇంట్లో తాళి కట్టినా ఆ ఫొటోలు ఇక్కడికి రావాల్సిందే. కింద కౌంటరు, దాని పక్కన సార్ అద్దాల క్యాబిన్, వెనక వరసగా ఐదు డిజైన్ సీట్లు, ఆ వెనక ప్రింటింగ్ మిషను. మేడ మీద వీడియో మిక్సింగ్. ఫొటోలూ, ఆల్బం పేజీలూ, వీడియోలూ అన్నీ ఉండేది మాత్రం ఒకే చోట. మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన, గ్రిల్ తలుపు వెనక గుర్రుమంటూ కూర్చున్న నల్లటి సర్వరులో. అందరూ దాన్ని పెద్ద డబ్బా అంటారు. ఎవరు ఏ పేజీ తెరిచినా అది ఆ డబ్బాలోంచి వైరు గుండా రావాలి. దిద్దాక మళ్లీ అందులోకే పోవాలి. నిరుడు ఒక కంప్యూటర్ కాలిపోయి మదనపల్లె పెళ్లి మొత్తం మాయమైనప్పటి నుంచి, సొంత సీట్లో ఒక్క ఫొటో కూడా దాచిపెట్టుకోకూడదని సార్ ఆజ్ఞ.

"ఏమ్మా లోకేశ్వరీ!" వెనక నుంచి ఆ ఆజ్ఞల గొంతే వినిపించింది. "ప్రింటింగ్ మిషను నోరు తెరుచుకోని కూర్చోనుండాది. దానికి మేత యాడ?"

లోకేశ్వరి లేచి నిలబడింది. రాజారత్నం నుదుటి మీద విభూతి ఇంకా తడి ఆరలేదు.

"తెరుచుకోవడం లేదు సార్. సిస్టం స్లో."

"మిగతా నలుగురివీ ఇవే సిస్టమ్‌లు. రోజుకు పదైదు పేజీలు దించుతా ఉండారు. నీది ఆరు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నీకోసమే పుట్టినట్టుండాది."

ముందు సీట్లలో ఎవరో నవ్వు దగ్గులోకి మార్చుకున్నారు.

"కౌంటర్లో ఉన్నప్పుడు అంత చురుగ్గా ఉంటివే, ఈడ కూర్చోబెడితే చెయ్యి మొద్దుబారిందా?" రాజారత్నం గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించాడంటే అరిచిన దానికంటే ప్రమాదం. "చూడమ్మా. పీలేరు వాళ్ల ఆల్బం. ఆదివారం పొద్దున చిత్తూరులో రిసెప్షన్. శనివారం అయిదు గంటలకల్లా నలభై పేజీలూ మునస్వామి చేతిలో ఉండాల. లేదంటే సోమవారం నుంచి నువ్వు మళ్లీ కౌంటర్లో కవర్లు అందియ్యి. ఈ సీటుకు వేరే పిల్లను మాట్లాడి పెట్టినా."

ఆయన వెళ్లిపోయాడు. నీలం గీత సగం కూడా దాటలేదు.

అయినవి పద్నాలుగు. కావలసినవి ఇరవై ఆరు. ఇవాళ గురువారం. రోజుకు ఆరు.

లోకేశ్వరి ఐదో సీటు చేతిని ఒకసారి నిమిరింది. రెండేళ్లు ఒకరి భుజం మీద నుంచి చూసి, మధ్యాహ్నం అన్నాల వేళ ఎవరూ లేనప్పుడు చేసి చూసుకుని, నేర్చుకున్న పనితో సంపాదించిన కుర్చీ అది. ఒక చక్రం ఊడిపోయి కొంచెం కుంటుతుంది. అయినా సరే, కుర్చీ కుర్చీయే.

*

"పాపా, గమ్ ఆరిపోతా ఉండాది. పేజీలేవీ?"

మునస్వామి ల్యాబులో ల్యామినేషన్, బైండింగ్ చేస్తాడు. చీకటి గదిలో ఎర్రబల్బు కింద చేత్తో ప్రింట్లు తీసిన కాలం నుంచి ఉన్నవాడు. వేళ్ల చివర్లు ఇప్పటికీ పసుపు రంగులోనే ఉంటాయి.

"డబ్బా ఇస్తే గదా మామా నేను నీకిచ్చేది."

మునస్వామి ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని నీలం గీతను కాసేపు శ్రద్ధగా చూశాడు.

"బ్రహ్మోత్సవాలకు నేను కొండ మీద క్యూలైన్ల సేవకు పోతాను గదా, ఆడ ఇట్లనే ఉంటాది. ఒక్కో కంపార్టుమెంటు కొంచెం కొంచెం వదల్తారు. అందరూ తిట్టుకుంటానే కదుల్తా ఉంటారు. ఒక్కోసారి ఉన్నట్టుండి కింద జనం రాయి మాదిరి నిలబడిపోతారు. అప్పుడు కింద ఎంత అరిసినా లాభం ల్యా. పైన యాడో ఒక గేటు ఎవరికోసమో ఊరికే తెరిసి పెట్టినారని అర్థం."

"ఏ గేటు మామా?"

"అది నువ్వు సూసుకోవాల. నాకేం తెలుసు, నేను గమ్ పూసేటోణ్ణి."

మునస్వామి గమ్ డబ్బాకు మూత పెట్టుకుంటూ వెళ్లాడు. లోకేశ్వరి చెత్తబుట్టలోంచి టెస్ట్ ప్రింట్ ముక్క ఒకటి తీసింది. దాని వెనక తెల్లటి వైపున టైము రాయడం మొదలుపెట్టింది. పేజీ అడిగింది ఎప్పుడు, వచ్చింది ఎప్పుడు, ఆ సమయానికి ల్యాబులో ఎవరు ఏం చేస్తున్నారు.

సాయంత్రానికి ఆరు ముక్కలు నిండాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాటిని పేకముక్కల్లా తిప్పితిప్పి చూసింది. తొండవాడ దాటేసరికి ఒక పేరు పైకి తేలింది.

పదకొండు గంటలకు గీత నిలిచిపోయినప్పుడు ఎదురు బడ్డీలో టీ తాగుతున్నది రూపేష్. పన్నెండున్నరకు, రూపేష్. మూడుంబావుకు, నాలుగుకు, మళ్లీ రూపేష్.

రూపేష్ మేడ మీద వీడియో మిక్సింగ్ చేస్తాడు. గంటలకు గంటల పెళ్లి టేపులు. ఒక్క టేపు వెయ్యి ఫొటోల బరువు. అంటే మొత్తం సంగతి ఇదన్నమాట! పెద్ద డబ్బాలోంచి టేపులన్నీ ఒకేసారి తన కంప్యూటర్‌కు లాగమని చెప్పి, అవి వచ్చేదాకా హాయిగా టీ బడ్డీ దగ్గర కాలు మీద కాలేసుకుంటున్నాడు. ఆ వైరులో మిగిలేది తనకు చెంచాడు నీళ్లు.

*

శుక్రవారం పదకొండుకు రూపేష్ టీ గ్లాసు పెదవులదాకా తెచ్చుకునేసరికి ఎదురుగా లోకేశ్వరి నిలబడి ఉంది. చేతిలో ఆరు ముక్కలు.

"ఏం రూపేషూ, టీ బాగుండాదా?"

"బాగుండాది అక్కా. నీకొకటి చెప్పేదా?"

"నాకు టీ వద్దు. నా సీటు కావాల. నువ్వు టీకి వచ్చినప్పుడల్లా నా సిస్టం పడుకుంటా ఉండాది. ఇదో, టైములతో సహా రాసినా. పైన ఏం లాగడానికి పెట్టి వచ్చినావో చెప్పు."

రూపేష్ ఆ ముక్కలు తీసుకుని ఒక్కొక్కటీ చదివాడు. చదివేకొద్దీ అతని ముఖం వెడల్పయింది. చివరికి టీ ఒలికిపోయేంత నవ్వాడు.

"అక్కా, నువ్వు పోలీసు కావాల్సిన దానివి. కానీ దొంగను తప్పు పట్టినావు. నేను టీకి వచ్చినందుకు స్లో గాలేదు. స్లో అయినందుకే నేను టీకి వస్తా ఉండా! పైన నాదీ నీ కథే. ఒక్క టేపు తెరవమంటే పావుగంట. ఊరికే కూర్చుంటే నిద్దరొస్తాది. మూడు నెలల్లో ఈయనకు నేనిచ్చిన టీ దుడ్లతో ఆ కొత్త బెంచీ చేయించినాడు, అడుగు."

టీ బడ్డీ ఆయన అవునన్నట్టు బెంచీని గుడ్డతో తుడిచాడు.

లోకేశ్వరి ముక్కల్ని వెనక్కి తీసుకుంది. సిగ్గేసింది. కానీ బుర్ర మాత్రం ఆగలేదు. పైన రూపేష్‌కు స్లో, కింద తనకు స్లో. మరి పదిన్నర నుంచి ఆ నీళ్లన్నీ తాగుతున్నది ఎవరు?

ఒంటిగంటన్నరకు ల్యాబు మొత్తం అన్నాలకు లేచింది. డిజైన్ సీట్ల వాళ్లు టిఫిన్ బాక్సులతో మేడ మీదికి పోయారు. రూపేష్ సైకిలెక్కాడు. ప్రింటింగ్ మిషను ఊపిరి బిగబట్టుకుంది. కౌంటర్లో పిల్ల బల్ల మీద తల వాల్చింది.

లోకేశ్వరి చెప్పుల స్టాండు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గ్రిల్ తలుపు సందులోంచి చూసింది.

పెద్ద డబ్బా పక్కనే వైర్లన్నీ వచ్చి గుచ్చుకునే చిన్న పెట్టె. ఒక్కో వైరుకు ఒక పచ్చదీపం. ఎవరైనా ఏదైనా లాగితే దీపం మిణుకుమంటుంది. ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి దీపాలు ఎప్పుడో ఒకసారి కన్నుగీటి ఊరుకుంటున్నాయి.

ఒక్కటి తప్ప.

పై వరసలో చివరిది. అది మిణుకుమనడం లేదు, పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది.

లోకేశ్వరి ఆ వైరు మీద వేలు పెట్టింది. బూడిదరంగు వైరు. గ్రిల్ బయటికి వచ్చి గోడ పట్టుకుంది. క్లిప్పు తర్వాత క్లిప్పు, వేలు దాని వెంటే నడిచింది. మెట్ల అంచు మీదుగా, క్యాలెండర్ వెనకగా, దేవుడి పటాల మీదుగా, మాడిన కర్పూరం వాసన దాటి, అద్దాల తలుపు పై సందులోంచి లోపలికి.

క్యాబిన్‌లో ఎవరూ లేరు. సార్ ఇంటికి భోజనానికి పోయారు. గోడ మీద తలుపంత టీవీ మాత్రం సన్నగా నాదస్వరం వినిపిస్తూ, ఖాళీ కుర్చీలకు పెళ్లి ఆల్బం చూపించుకుంటోంది. హారతి కాగానే మొదలుపెట్టి షట్టర్ దించేదాకా ఆపకూడదని సార్ పట్టు. అది ఆయన దృష్టిలో షో కాదు, అఖండ దీపం. కౌంటర్లో ఉన్న రోజుల్లో దాని దుమ్ము తుడిచింది తనే.

టీవీలో పేజీ మారింది. మళ్లీ మారింది. లోకేశ్వరి గాజు మీద చేయి ఆనించి అలాగే నిలబడిపోయింది.

చంద్రగిరి కోట ముందు పెళ్లికూతురు. తోరణం కింద తమ్ముళ్లు. ఆ అంచులు, ఆ రంగులు ఎవరివో ఆమెకు వేరే చెప్పక్కరలేదు. ఐదో సీట్లో కూర్చున్న మొదటి నెలలో తాను చేసిన ఆల్బం అది.

తన పని ముందుకు కదలకుండా మూడు నెలలుగా తొక్కిపట్టింది తన పనే.

*

శనివారం పదకొండుకు హరినాథ్ వచ్చాడు. కంప్యూటర్లు, వైర్లు చూసేది అతనే. వారానికి ఒకసారి వచ్చి అన్నిటికీ దుమ్ము ఊది పోతాడు. మెత్తటి మనిషి. కుర్చీ లాగితే చప్పుడవుతుందని ఎత్తి జరుపుకునే రకం.

లోకేశ్వరి అతని ముందుకు టీ జరిపి, ఒక్కటే ప్రశ్న వేసింది. "అన్నా, క్యాబిన్ వైరుకు ఎంత పోతా ఉండాది?"

హరినాథ్ టీ ముట్టుకోలేదు. చుట్టూ చూసి, తన బ్యాగులోని చిన్న కంప్యూటర్ తెరిచాడు. పెద్ద డబ్బాకు చెందిన పేజీ ఒకటి వచ్చింది. సీట్ల పేర్లు వరసగా, ఎదురుగా అంకెలు.

"వేసవిలో సార్ దగ్గర ఒక పార్టీ కూర్చోనుంటే షో నట్టుకొట్టింది. నలుగురిలో తలకొట్టేసినట్టయిందంట. ఏం చేస్తావో తెలీదు, షో మాత్రం ఆగకూడదు అన్నాడు. దాంట్లో తిరిగేది ప్రింటుకు పోయే అసలు ఫైళ్లు, ఒక్కోటి కొండంత. చిన్నసైజు కాపీలు చేసి పెడతా సార్ అన్నా. అసలు పెట్టుకోని కస్టమర్‌కు నకలు చూపిస్తామా అని కేకలేసినాడు. ఇంకేం చేసేది? క్యాబిన్‌కు హద్దు తీసేసి, మిగతా అందరికీ హద్దులు పెట్టినా. పదిన్నర నుంచి ఆరు దాకా."

లోకేశ్వరి చదివింది. ఒకటి నుంచి నాలుగు సీట్లకు సెకనుకు రెండు ఎంబీ. వీడియోకు ఒకటి. ఐదో సీటుకు అర. క్యాబిన్ ఎదురుగా గడి ఖాళీ.

"నాకు అర ఏంది అన్నా? నేనేం పాపం చేసినా?"

"అప్పుడు నువ్వు సీటుకు కొత్త." హరినాథ్ తల దించుకున్నాడు. "నేర్చుకునే పిల్లకు సాలు అనుకుంటి. తర్వాత మర్చిపోతి."

గోడ గడియారం పదకొండుంబావు. అయిపోయినవి ఇరవై ఆరు. ఇంకా పద్నాలుగు.

"ఇప్పుడు మార్చు."

"అమ్మో! లోపల చిత్తూరు నుంచి పార్టీ వచ్చి ఉండారు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లంట. ఇప్పుడు షో ఆగితే నన్ను ఈ వైరుతోనే కట్టేస్తాడు." హరినాథ్ లేచాడు. కూర్చున్నాడు. ఆమె చేతిలోని ముక్కల్ని చూశాడు. మళ్లీ లేచాడు. ఈసారి కంప్యూటర్ మూయలేదు. "నేను టీకి పోతా ఉండా" అన్నాడు.

"ఇదో నీ ముందర ఉండేది టీయే గదా అన్నా!"

"అది సల్లారిపోయింది" అంటూ హరినాథ్ వెనక్కి చూడకుండా రోడ్డు దాటాడు.

అంకెలు తెర మీద అలాగే ఉన్నాయి.

లోకేశ్వరి అరచేతులు చున్నీకి తుడుచుకుంది. ఐదో సీటు ఎదురుగా అర తీసేసి రెండు కొట్టింది. వీడియోకూ రెండు. తర్వాత క్యాబిన్ దగ్గర ఖాళీ గడి మీదికి బాణం గుర్తు తీసుకుపోయింది. అద్దాల్లోంచి రాజారత్నం చేతులు ఊపుతూ మాట్లాడడం కనబడుతోంది. ఆయన ముందు పట్టుచీరలో ఒక పెద్దావిడ.

ఒకటి. ఎంటర్.

తన సీట్లోకి వచ్చి పేజీ అడిగింది. నీలం గీత ఎడమ అంచున మొదలై, ఆమె కుర్చీ ముందుకు లాక్కునేలోపు కుడి అంచును తాకింది. లోకేశ్వరి ఇంక తల ఎత్తలేదు. మధుపర్కాలు, జీలకర్రబెల్లం, తలంబ్రాలు. ఒకటి దిద్దడం, పంపడం, ఇంకోటి అడగడం. వెనక ప్రింటింగ్ మిషను గొంతు సవరించుకుని పని మొదలుపెట్టింది.

ఐదో పేజీ మీద ఉండగా క్యాబిన్ తలుపు ధడాలున తెరుచుకుంది.

"హరీ! హరిగాడు యాడ?"

లోకేశ్వరి ఓరగా చూసింది. టీవీలో ఒక్కటే పేజీ. కదలడం లేదు. ముందే లాగి పెట్టుకున్న పేజీలన్నీ అయిపోయాయి. తర్వాతి పేజీ బరువు తీరిగ్గా వైరు గుండా వస్తోంది, అది వచ్చేదాకా ఇది పోదు. ఆగిపోయింది కూడా ఏ పేజీ మీద! మూడడుగుల వెడల్పు పేజీకి ఒకే ఒక్క ఫొటో. పెళ్లిసందడి అంతా ఎటో ఉండగా, గడప పక్కన ఒక్కతే కూర్చుని మనవరాలి జడకు కనకాంబరాలు కడుతూ పంటితో దారం తెంపుతున్న అవ్వ. అప్పట్లో ఇంత చోటు ఖాళీగా వదిలితే కస్టమర్ తిడతాడని సార్ ఎనిమిది ఫొటోలు ఇరికించమన్నాడు. లోకేశ్వరి విని, విననట్టు వదిలేసింది.

"పిలవొద్దు, ఉండప్పా" లోపలి నుంచి పెద్దావిడ గొంతు వచ్చింది. ఆవిడ పేరు చంద్రకాంతమ్మ. టీవీ దగ్గరికి నడిచి, కళ్లద్దాలు సర్దుకుంటోంది. "ఇప్పుడు గదా ఆపినావు, మంచిపని చేసినావు. ఇంతసేపూ గిర్రున తిరిగిపోతా ఉంటే రంగులరాట్నం ఎక్కినట్టు కండ్లు తిరిగె. ఒక్క మొగమూ కనపడలే." ఆవిడ వేలితో అవ్వ పంటి దగ్గర దారాన్ని తాకబోయి ఆగింది. "మా అమ్మ ఇట్లనే తెంపేది. కత్తెర పక్కనే ఉన్నా సరే."

రాజారత్నం టీవీ వైపు ఒకసారి చూశాడు. ముప్పై ఏళ్ల వ్యాపారం ఊరికే పోలేదు.

"అందుకేనమ్మా, మంచి పేజీ వచ్చినప్పుడు నిలిపి చూపిస్తాము" అన్నాడు.

రెండు నిమిషాలకు పేజీ మారింది. చంద్రకాంతమ్మ దాన్నీ నిలబడే చూసింది. కూతుళ్లను పిలిచి చూపించింది. నాలుగు పేజీలకు ఆవిడ మనసు నిండింది.

"ఇది చేసిన చెయ్యే మా ఇద్దరు పిల్లోళ్లవీ చేయాల. వేరే ఎవరన్నా చేసినారో, నాకు తెలిసిపోతాది. ఎవురు చేసింది?"

రాజారత్నం కౌంటర్ వైపు చూశాడు. కౌంటర్ పిల్ల ప్రింటింగ్ మిషను వైపు చూసింది. మిషను దగ్గర పేజీలు అందుకుంటున్న మునస్వామి పసుపు వేలు చాచి ఐదో సీటు చూపించాడు.

*

నాలుగూ ఇరవైకి నలభయ్యో పేజీ మునస్వామి చేతిలో పడింది. అయిదున్నరకు చిత్తూరు వాళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లి చాలాసేపయింది. హరినాథ్ మాత్రం ఇంకా ఏదో వైరు వెతుకుతున్నట్టు మెట్ల కిందే ఉన్నాడు.

రాజారత్నం అక్కడికే వచ్చాడు. "షో ఎందుకు నిదానించింది హరీ?"

హరినాథ్ సీలింగు వైపు చూశాడు. లోకేశ్వరి కుంటికుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"నేనే సార్. క్యాబిన్‌కు హద్దు పెట్టినా."

రాజారత్నం ఆమెను చూశాడు. మునస్వామి బల్ల మీద పేర్చిన పేజీల దొంతిని చూశాడు. పచ్చదీపాల వైపు చూశాడు. క్యాబిన్‌లోకి పోయి తలుపేసుకున్నాడు. అద్దాల్లోంచి కనబడుతూనే ఉంది. కస్టమర్ల కుర్చీలో కూర్చుని, తన షో తానే చూస్తున్నాడు. బహుశా మొదటిసారి.

మూడు పేజీలు మారాక బయటికి వచ్చాడు.

"రెండు నిమిషాలు జాస్తి. నిమిషానికి ఒకటి మారేటట్టు చెయ్యి."

"నిమిషం అంటే మా వైరులో తగ్గిపోతాది సార్. నిమిషంన్నర."

"నిమిషంన్నరా? కస్టమర్ నిద్దరపోడూ?"

"అవ్వను చూస్తా నిద్దరపోలేదు గదా సార్."

రాజారత్నం మీసం కింద ఏదో కదిలింది. "సరే, నిమిషంన్నర" అని, నాలుగడుగులు వేసి, కౌంటర్ పిల్లతో అందరికీ వినబడేలా చెప్పాడు. "సోమవారం కొత్త పిల్ల వస్తాది. నీ పక్కన కూర్చోబెట్టుకోని కవర్లు నేర్పించు."

సారీ అనలేదు. చక్రం సంగతి కూడా ఎత్తలేదు. కానీ సోమవారం లోకేశ్వరి వచ్చేసరికి ఐదో సీటు కుర్చీకి కొత్త చక్రం ఉంది. మిగతా నాలుగు చక్రాలూ నలుపు, ఇది ఒక్కటీ ఎరుపు.

పదిన్నరకు హారతి గంట మోగింది. ఆమె చేయి అలవాటుగా చెత్తబుట్టలోని టెస్ట్ ప్రింట్ ముక్క కోసం పోయింది, తీసుకుని, రాయడానికేమీ లేక పక్కన పెట్టింది. క్యాబిన్‌లో నాదస్వరం మొదలైంది. పెళ్లికూతురు కోట ముందు నిమిషంన్నర నిలబడి, తీరిగ్గా పక్కకు తప్పుకుంది. మేడ మీద నుంచి రూపేష్ గొంతు వినబడింది. టీ బడ్డీ ఆయన కబురు పంపాడట, ఒంట్లో బాగుందా అని.

పన్నెండున్నరకు మునస్వామి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మోచేతుల దాకా గమ్. వెనక బల్ల మీద పేజీలు ఛాతీ ఎత్తున పేరుకుపోయి ఉన్నాయి.

"పాపా, కొంచెం నిదానించు. నాకుండేది రెండు సేతులే."

"పేజీలేవీ పేజీలేవీ అని నువ్వే గదా మామా నా పానం తీస్తివి!"

"అది అప్పటి మాట." మునస్వామి గమ్ చేతుల్ని అడ్డంగా పెట్టి చూపించాడు. "హరికి సెప్పి నీకూ ఒక హద్దు పెట్టిస్తా ఉండు."

లోకేశ్వరి నవ్వుతూనే తర్వాతి పేజీ అడిగింది. అది అప్పటికే వచ్చేసి ఉంది.